చెవి పక్కన పొంగు

"బల్బు లేదు సార్. నేను వచ్చేసరికే లేదు. హోల్డరు ఖాళీగా ఉంది. మెట్లన్నీ చీకటి."

శిష్యుడు ఈ మాట చెప్పడం ఇది మూడోసారి. మూడుసార్లూ పొల్లుపోకుండా ఒకేలా చెప్పాడు. నిజం చెప్పేవాడికి అది చేతకాదు. మధ్యలో ఏదో గుర్తొచ్చి ఆగుతాడు, ఇంకేదో మర్చిపోయి నాలుక కరుచుకుంటాడు. పాఠం అప్పజెప్పినట్టు చెప్పేవాణ్ణి చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. కానీ నా ఒళ్ళు మండటం కోర్టులో సాక్ష్యంగా చెల్లదు.

"అయితే మాస్టారు చీకట్లోనే మెట్లెక్కారంటావు."

"ఆయనకి అలవాటే కదా సార్. కళ్ళు మూసుకుని ఎక్కుతారు. దిగేటప్పుడే కాలు జారి ఉంటుంది."

"ఆయన పైకెళ్ళాక నువ్వేం చేశావ్?"

"వెళ్ళొస్తానని వంటింట్లోకి కేకేసి వెళ్ళిపోయాను. అమ్మగారు కాఫీ పెడుతున్నారు. ఫ్యూజు కూడా అక్కడే ఉన్నాడు. అంటే... ఉన్నాడనే అనుకున్నాను."

చివరి ముక్క దగ్గర గొంతు తగ్గించాడు. ముఖంలో జాలి కూడా తెచ్చిపెట్టుకున్నాడు. కాఫీ కప్పు ఎడమచేత్తో పట్టుకున్నాడు. కుడిచేతి బొటనవేలికీ, పక్కనున్న రెండు వేళ్ళకీ గాజుగుడ్డ చుట్టి ఉంది.

"వేళ్ళకేమైంది?"

"మా ల్యాబులో హైపో మందు పడింది సార్. ఫొటోలు కడిగేవాళ్ళకి మామూలే." కప్పు కింద పెట్టి లేచాడు. "అమ్మగారు రాత్రి కన్ను మూయలేదు. ఆవిణ్ణి ఇంట్లోనే ఉండమనండి. ఆస్పత్రిలో మాస్టారి దగ్గర నేను కూర్చుంటాను."

వినయంగా తల వంచి వెళ్ళిపోయాడు. వినయానికి నేనేం అనగలను.

ఇంతకీ జరిగింది ఇదీ. మొన్న సాయంత్రం మాస్టారికి డెబ్భై ఏళ్ళు నిండాయి. ఇంటి ముందు గదే ఆయన స్టూడియో. ఆ గదిలో నల్లటి మందపాటి తెర ముందు మూడు స్టూళ్ళు వేసి, మధ్యలో భార్యని, ఒక పక్క శిష్యుణ్ణి, రెండో పక్క ఆవిడ తమ్ముణ్ణి కూర్చోబెట్టి ఫొటో తీశారు. ఆ తమ్ముడు కరెంటు పనివాడు. అందరూ ఫ్యూజు అని పిలుస్తారు, అతనూ పలుకుతాడు. ఫొటో అయ్యాక మాస్టారు రీలు తీసి జేబులో వేసుకుని, "ఉండండి, పైనుంచి ఒక పెట్టె తెస్తాను, చూసి నన్ను తిట్టకూడదు" అని భార్యతో చెప్పి తెర వెనక మెట్లెక్కారు. మెట్లకి పైన డార్క్ రూమ్ ఉంది. కాసేపటికి దబ్బున చప్పుడైంది. అక్కాతమ్ముళ్ళు పరుగెత్తుకొచ్చేసరికి ఆయన కింది మెట్టు దగ్గర నెత్తురోడుతూ పడున్నారు. ఇవాళ్టికీ కళ్ళు తెరవలేదు. తెస్తానన్న పెట్టె ఎక్కడా లేదు. మెట్ల బల్బు హోల్డరులో లేదు.

మెట్ల పక్కన కొక్కేనికి తగిలించిన ఫ్యూజు పనిముట్ల సంచీలో బల్బు దొరికింది. ఫ్యూజు లాకప్పులో ఉన్నాడు.

పిన్నిగారు, అంటే మాస్టారి భార్య, నిన్న మా ఇంటికొచ్చి గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది. మా పెళ్ళి ఫొటోలు ఈ స్టూడియోవే. టచప్ ఆవిడదే. ఆ ఫొటోలో నా ముక్కు చూసినవాళ్ళెవరూ నన్ను పోల్చుకోలేరు, అంత ముచ్చటగా దిద్దింది. అలాంటి మనిషి కళ్ళనీళ్ళు పెట్టుకుంటే చూస్తూ ఊరుకునే రకాన్ని కాను నేను. మొగుడు ఆస్పత్రిలో, తమ్ముడు లాకప్పులో. ఇద్దరిలో ఏ ఒక్కరు పోయినా ఆవిడ మిగలదు.

శిష్యుడు అటు వెళ్ళగానే ఇటు స్టూడియో ముందు జీపు ఆగింది.

"బావా, నువ్వింకా ఇక్కడే ఉన్నావా?"

ఇన్‌స్పెక్టరు నా బావమరిది. నా భార్యకి తోడబుట్టిన తమ్ముడు. కేసు అతనిది, అందులో వేలు పెట్టే అలవాటు నాది. పెళ్ళినాడు మొదలైన వాదన ఇంతవరకూ తేలలేదు. మేమిద్దరం ఒప్పుకునే విషయం లోకంలో ఒక్కటే ఉంది: నా భార్య నా మాటా వినదు, వాడి మాటా వినదు. ఇవాళ పొద్దున కూడా ఆస్పత్రికి వెళ్ళొద్దని ఇద్దరం చెప్పాం. క్యారియరు సర్దుకుని వెళ్ళి మాస్టారి గది ముందు కూర్చుంది.

"కోర్టు మూసేలోగా ఫ్యూజుని హాజరుపరుస్తున్నాను," అన్నాడు వాడు టోపీ తీసి బల్ల మీద పెడుతూ. "నీ సరదా తీరిందా లేదా?"

"దేని మీద హాజరుపరుస్తావు?"

"మొన్న పొద్దున బావగారితో గొడవపడ్డాడు. 'ఈ మెట్లెక్కితే ఏదో ఒకరోజు పడి చస్తారు' అని అరిచాడు. పక్క కొట్టు టైలరు విన్నాడు."

"ఆయన మీద ప్రేమతో అరిచాడురా! నువ్వు నన్ను సిగరెట్లు మానకపోతే చస్తావని రోజూ అంటావు. రేపు నేను పోతే నిన్ను లోపలెయ్యాలా?"

"నా సంచీలో నీ బల్బు దొరికితే వెయ్యి." వాడు జేబులోంచి కవరు తీశాడు. "బల్బు తుడిచి మరీ పెట్టాడు. ఇంకా చూడు. మాస్టారు తీసిన ఆఖరి ఫొటో. తెర చివరికంటా రాదు, ఫ్యూజు కూర్చున్న వైపు సందుంది. వెనక బల్బు వెలుగుతుంటే ఆ సందులోంచి కనబడాలి కదా? ఏదీ? నల్లగా ఉంది. బల్బు అంతకుముందే తీసేశారు. శిష్యుడు చెప్పింది అక్షరాలా నిజం."

"ఈ ప్రింటు ఎవరిచ్చారు?"

"పిన్నిగారే. ఇందులో ఏమైనా మార్చారా అని రెండుసార్లు అడిగాను. లేదంది. ఫొటో అబద్ధం చెప్పదు బావా. మనుషులే చెబుతారు."

"అది నాకిచ్చి వెళ్ళు."

"ఇక్కడే ఉంటాను. నువ్వు చూసి ఏడ్చాక తీసుకెళ్తాను."

ప్రింటు వెలుతురులోకి తెచ్చి చూశాను. పిన్నిగారు నవ్వుతోంది. శిష్యుడు మెడ నిక్కించి కూర్చున్నాడు. ఫ్యూజు సగం మూసిన కళ్ళతో, అందరి ఫొటోల్లో ఎవరో ఒకరుంటారే, అలా ఉన్నాడు. అతని చెవి పక్కన తెర నల్లగా, ఒక్క మచ్చ లేకుండా ఉంది. బావమరిది చెప్పినట్టే ఉంది.

అప్పుడు మళ్ళీ ఆ చెవి చూశాను.

పొద్దున లాకప్పులో ఫ్యూజుతో గంటసేపు మాట్లాడాను. తల వంచుకుని ఏడుస్తూనే ఉన్నాడు కాబట్టి నాకు అతని ముఖం కన్నా చెవులే ఎక్కువ కనబడ్డాయి. కుడిచెవి పైఅంచున గాటుంది, ఎలుక కొరికిన రొట్టె అంచులా. ఫొటోలో అదే చెవి నున్నగా, గుండ్రంగా, అప్పుడే పుట్టిన పిల్లాడి చెవిలా ఉంది.

"ఒరేయ్, నువ్విక్కడే కూర్చో," అన్నాను బావమరిదితో. "ఏదీ ముట్టుకోకు."

పిన్నిగారు పక్కగదిలో టచప్ బల్ల ముందు కూర్చుని ఉంది. అడుగున దీపం ఉన్న పాల గాజు పలక, సన్నగా చెక్కిన పెన్సిళ్ళు, పిడికి గుడ్డ చుట్టిన చిన్న కత్తి, అన్నీ తీరుగా సర్ది ఉన్నాయి. ఆవిడ చేతులు మాత్రం ఒళ్ళో ఉన్నాయి. వాటికి ఏం చెయ్యాలో తోచనట్టుంది.

"పిన్నిగారూ, ఈ చెవి ఎవరిది?"

ఆవిడ కళ్ళద్దాలు సవరించుకుని చూసింది. "మా వాడిదే. ఎవరిదో ఎందుకవుతుంది?"

"మీవాడి చెవికి గాటుండాలి."

"ఓ, అదా!" ఈ రెండు రోజుల్లో మొదటిసారి ఆవిడ ముఖంలో నవ్వులాంటిది కనిపించింది. "చిన్నప్పుడు నేనే జుట్టు కత్తిరిస్తుంటే కదిలాడు వెధవ. అమ్మ నన్ను చావబాదింది. అప్పట్నుంచీ వాడి ఏ ఫొటోలోనూ ఆ గాటు ఉంచలేదు నేను. పెన్సిల్‌తో పూడ్చేస్తాను. వాడి పెళ్ళి ఫొటో చూడు, పిల్లలతో దిగింది చూడు, ఎందులోనూ ఉండదు."

"ఇందులోనూ పూడ్చారా?"

"నిన్న పొద్దున. ఆస్పత్రిలో ఉండనివ్వలేదు బాబూ. ఇంటికొస్తే చేతులు ఊరుకోవు. ఆయన జేబులో రీలుంది కదా, కడిగాను. ఆయన కళ్ళు తెరవగానే చూపిద్దామని. తెరుస్తారు కదూ?"

"తెరుస్తారు," అన్నాను. డాక్టరు కూడా అంత గట్టిగా చెప్పలేదు. "ఆ నెగెటివు ఒకసారి చూపిస్తారా?"

పలక మీద పెట్టింది. నెగెటివులో అంతా తలకిందులు: తెల్లనివి నల్లగా, నల్లనివి తెల్లగా. భూతద్దం పెట్టి చూస్తే చెవి అంచున పెన్సిల్ చుక్కలు కనబడ్డాయి. సరే, గాటు పూడ్చింది. పైకెత్తి, కిటికీ వైపు ఏటవాలుగా తిప్పాను.

సన్నటి గీతలు తళుక్కుమన్నాయి. పెన్సిల్‌వి కావు. కత్తితో గీకినవి. అవి చెవి దగ్గర ఆగలేదు. చెవి మీద సగం, పక్కనున్న తెర మీద సగం. అన్నీ కలిపి చూస్తే గుండ్రంగా ఉన్నాయి.

"గాటు పూడ్చడానికి పెన్సిల్ చాలుగా. కత్తి దేనికి?"

"అది పొంగు తీయడానికి."

"పొంగేంటి?"

"పాలు పొంగడం చూళ్ళేదా? అదే. ఫిల్ము మీద మందుంటుందా, వెలుగు దాన్ని తాకి ఆగిపోవాలి. మరీ ఎక్కువైందనుకో, ఆగదు. మందు దాటిపోయి ఫిల్ము అడుగున కొట్టుకుని వెనక్కొస్తుంది. వచ్చేది వెళ్ళిన దారినే రాదుగా, పక్కలకి చిందుతుంది. దీపం చుట్టూ తెల్లగా అలుముకుంటుంది. పక్కన చెవి ఉంటే చెవి మీద, ముక్కుంటే ముక్కు మీద. అలా కాకుండా మామూలు ఫిల్ముకి నల్లటి పూత వేస్తారు, ఎక్కువైన వెలుగుని అది తాగేస్తుంది. ఈయనగారికి ఆ పూత లేని ఫిల్మే కావాలి. ఎక్కడెక్కడో వెతికి తెప్పించుకుంటారు. పొంగు లేని బొమ్మకి ప్రాణం లేదంటారు."

"మరి మీరు?"

"మరక అంటాను. కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ ఇదే గొడవ. ఆయన పొంగించడం, నేను తుడవడం. ఫొటో దిగడానికి వచ్చినవాళ్ళు ముఖం బాగుండాలనుకుంటారు గానీ, ముఖం మీద తెల్లమచ్చ కావాలంటారా? మొన్నదాంట్లో మావాడి చెవి కాలిపోతున్నట్టే ఉంది. అలా ఎలా ఉంచుతాను?"

"ఇన్‌స్పెక్టరు అడిగితే ఏమీ మార్చలేదన్నారట."

"మార్చలేదుగా! ముఖం కడుక్కుంటే మనిషి మారిపోతాడా? మార్చడమంటే ఒకరి తల తీసి ఇంకొకరికి పెట్టడం. అది నా జన్మలో చెయ్యలేదు."

నేను ఆవిడ పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాను. చెప్పక తప్పదు.

"పిన్నిగారూ, ఆ ఫొటోలో తెర వెనక చీకటిగా ఉందనే మీ తమ్ముణ్ణి కోర్టుకి తీసుకెళ్తున్నారు. బల్బు అప్పటికే లేదని. మీరు తుడిచిన పొంగు ఏ దీపానిది?"

ఆవిడ నెగెటివు వంక చూసింది, నా వంక చూసింది. చేయి చాచి కత్తిని బల్ల చివరికి నెట్టేసింది, దాన్ని చూడటమే ఇష్టం లేనట్టు.

"మెట్ల బల్బుది," అంది చివరికి. "అక్కడ ఇంకో దీపమే లేదు. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి, పొంగుతో పాటు దీపాన్నీ గీకేశాయి, నేను చూడనే లేదు. అయ్యో బాబూ, నా చేత్తో నేనే వాణ్ణి..."

"మీ చేత్తోనే విడిపిస్తారు. లేవండి."

అలా అన్నాను గానీ, ఆవిడ భుజం పట్టుకుని లేపుతుంటే నా కళ్ళూ చెమర్చాయి. నా భార్య చూసుంటే ఏడాది పాటు ఏడిపించేది.

బావమరిది అంతా విని పెదవి విరిచాడు.

"గీకిన గీతలు చూపించి మనిషిని వదిలెయ్యమంటావా? తెర మీద సున్నం మచ్చేదో ఉండొచ్చు. అద్దం మెరిసుండొచ్చు."

"సున్నానికి పొంగు రాదు బాబూ," అంది పిన్నిగారు. "తెల్లచొక్కాకీ రాదు. ఆ గదిలో ఉన్న వెలుతురుకి దీపం వెలిగితే తప్ప పొంగు రానే రాదు."

"మీరు అక్క కదండీ. తమ్ముడి కోసం ఎన్నైనా చెబుతారు."

"నీకూ అక్క ఉందిగా నాయనా. నీకోసం ఆవిడ అబద్ధం చెబుతుందా?"

నా భార్య చిన్నప్పటి నుంచీ వాడి తప్పులన్నీ ఇంట్లో పూసగుచ్చినట్టు చెప్పేదని నాకు తెలుసు.

"మాటలెందుకు, కూర్చుని చూద్దాం," అన్నాను. "ఫ్యూజు స్టూలు మీద కూర్చో."

"నేనా?"

"నీ చెవులు కూడా పెద్దవే. కూర్చో."

స్టూళ్ళ కాళ్ళు ఎక్కడుండాలో నేల మీద రంగుతో గుర్తులున్నాయి. కెమెరా స్టాండుకీ ఉన్నాయి. మాస్టారి కెమెరా ఇంకా దాని మీదే ఉంది, ఎవరూ కదపలేదు. తెర పైనున్న రింగుల్లో చివరిది విరిగిపోయింది, అందుకే ఆ వైపు వేలెడు సందు మిగిలింది. పిన్నిగారు అలమరలోంచి ఇంకో పాతకాలం బల్బు తెచ్చింది. మాస్టారు వేరే రకం ఇంట్లోకి రానివ్వరట, వాటికి పొంగు అందంగా రాదట. దాన్ని మెట్ల దగ్గర హోల్డరులో పెట్టి స్విచ్చి వేశాను. వెనక్కొచ్చి కెమెరా అద్దంలోంచి చూశాను.

బావమరిది మొహం చిట్లించుకుని కూర్చున్నాడు. వాడి కుడిచెవి పక్కన, తెర సందులోంచి, బల్బు భగ్గున వెలుగుతోంది.

"తల తిప్పకు. పిన్నిగారూ, మీరు చూడండి."

ఆవిడ వంగి చూసింది. "ఇక్కడే," అంది గుసగుసగా. "సరిగ్గా ఇక్కడే గీకాను."

స్విచ్చి ఆపాను. సందు నల్లబడింది. మళ్ళీ వేశాను. ఈసారి బావమరిది తనే లేచొచ్చి, నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, కెమెరాలోంచి చూశాడు. ఎంతసేపు చూశాడంటే నా నడుం పట్టేసింది. తర్వాత నెగెటివు తీసుకుని కిటికీ దగ్గరికెళ్ళి ఏటవాలుగా తిప్పి చూశాడు. మనిషి మొండివాడే గానీ గుడ్డివాడు కాడు.

"సరే. ఫొటో తీసేటప్పుడు బల్బు వెలుగుతోంది. తర్వాత ఫ్యూజే తీసుండొచ్చుగా?"

"ఉండొచ్చు. కానీ శిష్యుడు వచ్చేసరికే లేదన్నాడు. నాకు మూడుసార్లు చెప్పాడు. నీకెన్నిసార్లు చెప్పాడు?"

"రెండుసార్లు."

"ఈ తెర ముందు కూర్చుని ఫొటో దిగినవాడు, తెర వెనక వెలుగుతున్న దీపాన్ని లేదంటాడేం?"

వాదనలో చిక్కుకుంటే వాడికి చేతులు ఊరుకోవు, చిన్నప్పటి నుంచీ అంతేనట. తెర పక్కకి నెట్టి మెట్ల దగ్గరికి వెళ్ళాడు. "ఈ బల్బు తీయడానికి ఎంతసేపు పడుతుందో చూద్దాం" అంటూ స్విచ్చి ఆపి, నేను ఉండమనేలోపే చేయి పెట్టాడు.

"అబ్బా!"

ఆ కేక వీధి చివరికి వినబడి ఉంటుంది. అంతసేపు వెలిగిన బల్బు మరి, నిప్పులా ఉంటుంది. వాడు చేయి విదిలించుకుంటూ నేల మీద గెంతాడు. పిన్నిగారు చెంబుతో నీళ్ళు తెచ్చి వాడి చెయ్యి అందులో ముంచింది. "చూసుకోవద్దూ నాయనా, చిన్నపిల్లాడివా?" అంటూ వేళ్ళు ఊదింది. తన తమ్ముణ్ణి లాకప్పులో పెట్టినవాడి వేళ్ళు. నేను చూస్తూ నిలబడ్డాను.

బావమరిది చెంబులోంచి చేయి తీసి కళ్ళ ముందు పెట్టుకున్నాడు. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు. మూడూ ఎర్రగా కందిపోయాయి. వాడి ముఖంలో నొప్పి మెల్లగా ఇంకేదో అయింది.

"బావా, శిష్యుడి చేతికి గాజుగుడ్డ ఎందుకు?"

"హైపో పడిందన్నాడు."

"హైపోనా?" పిన్నిగారు తన రెండు చేతులూ చాపింది. ముడతలు పడ్డాయి, గోళ్ళు గోధుమరంగులోకి తిరిగాయి, అంతే. "కాపురానికొచ్చినప్పటి నుంచీ నా చేతులు అందులోనే నానుతున్నాయి. హైపోకి వేళ్ళు కాలవు బాబూ."

ముగ్గురం ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం.

"మాస్టారు పైకెళ్ళారు," అన్నాను. "మీరూ మీ తమ్ముడూ వంటింట్లోకెళ్ళారు. వాడు వెళ్ళొస్తానని కేకేసి, బయటికి కాదు, తెర వెనక్కి వెళ్ళాడు. తొందరలో వట్టి చేత్తో బల్బు పట్టుకున్నాడు, కాలింది, నోరు నొక్కుకున్నాడు. తర్వాత తెర అంచుతో పట్టుకుని తీశాడు, అందుకే బల్బు మీద ఏ గుర్తూ లేదు. పక్కన కొక్కేనికి ఫ్యూజు సంచీ వేలాడుతోంది, అందులో పడేశాడు. మాస్టారు వెలుగులో ఎక్కారు, చీకట్లో దిగారు. ఆయన పడగానే వాడు పెట్టె తీసుకుని వీధి తలుపులోంచి జారుకున్నాడు. పిన్నిగారూ, ఆ పెట్టెలో ఏముంది?"

"నాకు చూపించలేదుగా. కానీ తెలుసు." ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "నా కత్తికి దొరక్కుండా దాచుకున్న నెగెటివులు. ఆయనకి బాగా నచ్చిన పొంగులన్నీ. నేను అన్నీ గీకేస్తానని పైన దాచుకునేవారు, పిల్లాడు మిఠాయి దాచుకున్నట్టు. నాకు తెలియదనుకునేవారు. నేనూ తెలియనట్టే ఉండేదాన్ని. పైకి నేను వెళ్ళను, నా మోకాళ్ళతో ఎక్కలేను. శిష్యుడొక్కడే వెళ్ళొచ్చేవాడు."

"వచ్చేవారం శిష్యుడి ఫొటోల ప్రదర్శన ఉంది కదూ?" అన్నాడు బావమరిది నెమ్మదిగా. "ఊరంతా బొమ్మలు అంటించారు. దీపాల చుట్టూ తెల్లగా..."

"పొంగు," అన్నాను. "మాస్టారి పొంగు, శిష్యుడి పేరు. పెట్టె తెరిస్తే అది ఖాళీ అని ఆ సాయంత్రమే బయటపడేది."

"కొడుకులా చూసుకున్నాం," అంది పిన్నిగారు. ఒక్కసారిగా తలెత్తింది. "బాబూ, ఇప్పుడు ఆయన దగ్గరెవరున్నారు?"

ఎవరున్నారో ముగ్గురికీ తెలుసు. నా కళ్ళెదుటే వినయంగా తల వంచి వెళ్ళాడు.

జీపులో వాదన లేదు. పెళ్ళయిన దగ్గర్నుంచీ నేనూ బావమరిదీ నోరు మూసుకుని పక్కపక్కన కూర్చోవడం అదే మొదలు. వాడు ఎడమచేత్తో స్టీరింగు తిప్పుతూ, కాలిన చేత్తోనే ఫోను చెవికి పెట్టుకుని స్టేషనుకి చెప్పాడు. "ఫ్యూజుని బయట కూర్చోబెట్టండి. కాఫీ ఇప్పించండి. ఆ... నేనే చెబుతున్నాను, వాళ్ళక్క రమ్మంటోందని చెప్పండి." వెనక సీట్లో పిన్నిగారు నెగెటివుని గుండెకి హత్తుకుని కూర్చుంది. ఆ మాట విని కళ్ళు మూసుకుంది.

నేను నా భార్యకి ఫోను చేసి స్పీకరు పెట్టాను.

"ఎక్కడున్నావ్?"

"ఎక్కడుంటాను? గది బయట కుర్చీలో. మాస్టారు ఇందాక కళ్ళు తెరిచారు తెలుసా!"

వెనక నుంచి చిన్న ఏడుపు వినిపించింది, నవ్వులాంటి ఏడుపు.

"పెట్టె, పెట్టె అన్నారు. అంతే, ఆ శిష్యుడు నర్సుని ఏదో మందు తెమ్మని పంపేసి, నన్ను కూడా కాఫీ తాగి రమ్మని తలుపు వేసేసుకున్నాడు. నాకెందుకో వెళ్ళబుద్ధి కాలేదు. ఇక్కడే కూర్చున్నాను."

"నువ్వు లోపలికి వెళ్ళకు!" అన్నాను.

"అక్కా, లోపలికి వెళ్ళకు!" అన్నాడు వాడు.

ఇద్దరం ఒక్కసారే అరిచాం.

"మీరిద్దరూ కలిసి ఒకేమాట అంటున్నారా?" అంది నా భార్య. "అయితే లోపల ఏదో ఉందన్నమాట."

కుర్చీ జరిగిన చప్పుడైంది. చెప్పుల చప్పుడు. తలుపు కిర్రుమంది. బావమరిది యాక్సిలరేటరు అడుగంటా తొక్కాడు. ఫోనులోంచి ఆవిడ గొంతు మళ్ళీ వినిపించింది. ఈసారి మాతో కాదు. ఆ గొంతు నాకు తెలుసు, ఇంట్లో నేను తప్పు చేసి దొరికినప్పుడు అంత మెత్తగానూ మాట్లాడుతుంది.

"ఆ దిండు ఆయన ముఖం మీంచి తియ్యి నాయనా. తీసి నా చేతికియ్యి."